ఎ-రాడ్ వెళ్ళిపోయిన చలికాలం

బేస్‌బాల్‌లో అసలు గొడవంతా ఆట లేనప్పుడే జరుగుతుంది. అక్టోబరు చివరికో నవంబరు మొదట్లోనో వరల్డ్ సిరీస్, అంటే ఫైనల్, అయిపోతుంది, మళ్ళీ ఫిబ్రవరి మధ్యలో గానీ ఆటగాళ్ళు ప్రాక్టీసుకి దిగరు. ఈ మధ్యలో ఒక్క బంతి పడదు. కానీ ఎవరిని తెచ్చుకోవాలి, ఎవరిని వదిలేయాలి, ఎవరికి ఎన్నేళ్ళ కాంట్రాక్టు ఇవ్వాలి అన్న తగువు మాత్రం ఇళ్ళల్లో, ఆఫీసుల్లో, బార్లలో, రేడియోలో నడుస్తూనే ఉంటుంది. నాకు ఈ ఆట వంటబట్టింది ఆ తగువుల్లోనే, 2000 డిసెంబరులో, సియాటెల్ పక్కన బెల్‌వ్యూలో ఉన్నప్పుడు. ఇన్నింగ్స్ లెక్క సరిగ్గా తెలియకముందే షార్ట్‌స్టాప్ అనే ఫీల్డరుకి ఎంత ఇవ్వొచ్చో వాదించడం మొదలుపెట్టాను.

వైటూకే పని ముగిసి, డాట్‌కామ్ గాలి ఇంకా వీస్తున్న రోజులవి. ఒక దేశీ కన్సల్టెన్సీ హెచ్1బి మీద దింపిన బ్యాచ్ మాది. క్రాస్‌రోడ్స్ దగ్గర ఒక అపార్ట్‌మెంట్‌లో నలుగురం ఉండేవాళ్ళం. అక్కడి మాల్‌లో నేల మీద మోకాలెత్తు పావులతో ఒక పెద్ద చదరంగం ఉండేది. శని, ఆదివారాలు మా కాలక్షేపం అంతా దాని చుట్టూనే. డిసెంబరులో సాయంత్రం నాలుగున్నరకే చీకటి. వాన కూడా మన దగ్గరలా దబదబా కురిసి వెలిసిపోదు. పొద్దస్తమానం ముసురే.

ఆఫీసులో మధ్యాహ్నం బ్రేక్‌రూమ్‌లో మాకంటూ ఒక టేబుల్ ఏర్పడింది. మా రూమ్మేట్ గుంటూరాయన, మరో రూమ్మేట్ వైజాగ్ కుర్రాడు, నేను. మాతోపాటు జపాన్ నుంచి వచ్చిన ఒక ప్రోగ్రామర్, టెస్టింగ్ టీములో ఉండే ఒక తెల్లజుట్టు పెద్దాయన. ఆ పెద్దాయన బోయింగ్‌లో చాలా ఏళ్ళు చేసి ఇటు వచ్చాడు. టకోమాలో పుట్టి పెరిగినవాడు. మైక్రోవేవ్‌లో మా పప్పన్నం వేడెక్కేలోపు రేడియోలో పొద్దున విన్నదంతా ఏకరువు పెట్టేవాడు.

ఆ టేబుల్ దగ్గర నేను మొదట నోరెళ్ళబెట్టింది ఏడాది మొదట్లో. నేను దిగిన కొత్తలో, 2000 ఫిబ్రవరిలో, ఒకరోజు ఆఫీసంతా డీలాగా ఉంది. ఎవరైనా పోయారేమో అనుకున్నాను. తీరా చూస్తే కెన్ గ్రిఫీ జూనియర్‌ని సియాటెల్ మెరైనర్స్ టీము సిన్సినాటికి ఇచ్చేసిందట. బదులుగా నలుగురిని తీసుకుందట. "ఇచ్చేయడమేమిటి, తీసుకోవడమేమిటి?" అన్నాను. మాకు తెలిసిన టీము అంటే రంజీ టీము. అజారుద్దీన్ హైదరాబాదు వాడు కాబట్టి హైదరాబాదుకి ఆడాడు, లక్ష్మణ్ కూడా అంతే. బొంబాయి వాళ్ళు అజార్‌ని తీసుకుని మనకి నలుగురిని పంపుతామంటే ఊరు ఊరుకుంటుందా?

పెద్దాయన విడమరిచి చెప్పాడు. ఆటగాడు ఆరేళ్ళ సర్వీసు పూర్తి చేసేదాకా టీము చేతిలో ఉంటాడు. ఆ తర్వాత ఫ్రీ ఏజెంట్, ఎక్కడికైనా పోవచ్చు. పోయేలా ఉన్నాడని అనుమానం వస్తే టీము ముందే వేరేవాళ్ళకి ట్రేడ్ చేసి, దక్కినంత దక్కించుకుంటుంది. 1998 జులైలో పిచ్చర్ (బంతి విసిరేవాడు) రాండీ జాన్సన్‌ని అలాగే హ్యూస్టన్‌కి పంపి ఫ్రెడీ గార్సియా, కార్లోస్ గియెన్, జాన్ హలామాలను తెచ్చారు. గ్రిఫీది ఇంకో రకం. తన కుటుంబానికి దగ్గరగా ఉండాలని, తండ్రి ఆడిన సిన్సినాటి అయితేనే వెళతానని పట్టుబట్టాడు. టీముకి బేరమాడే వీలే లేకుండా పోయింది. "మనోళ్ళు ట్రాన్స్‌ఫర్ పెట్టుకున్నట్టే ఉందే" అన్నాడు గుంటూరాయన.

గ్రిఫీకి బదులు వచ్చిన మైక్ కామెరాన్‌ని ఊళ్ళో వాళ్ళు మొదట పట్టించుకోలేదు. ఏప్రిల్‌లో న్యూయార్క్ యాంకీస్‌తో ఆడుతుంటే వాళ్ళ డెరెక్ జీటర్ కొట్టిన బంతి గోడ దాటిపోతోంది. కామెరాన్ వెనక్కి పరిగెత్తి, గాల్లోకి లేచి, గోడ అవతలినుంచి దాన్ని లాక్కొచ్చాడు. మర్నాడు పెద్దాయన టిఫిన్ బాక్సు మూత చేత్తో పట్టుకుని, బ్రేక్‌రూమ్ గోడకి ఆనుకుని, అదెలా పట్టాడో మాకు చేసి చూపించాడు. ఆ వయసులో ఆ గెంతు! ఆ రోజు నుంచి ఆయన గ్రిఫీ పేరు ఎత్తడం తగ్గించాడు.

ఇక డిసెంబరు. ఆ శీతాకాలం మా టేబుల్‌కి మేతకి కొదవలేదు. ఫ్లోరిడాలో బుష్, గోర్ ఓట్ల లెక్క తేలలేదు. మా వాషింగ్టన్ రాష్ట్రంలో సెనెటర్ స్లేడ్ గోర్టన్ మళ్ళీ లెక్కపెట్టిన ఓట్లలో 2,229 తేడాతో మరియా కాంట్‌వెల్ చేతిలో ఓడిపోయాడు. 1991-92లో మెరైనర్స్ ఊరు వదిలి ఫ్లోరిడా పోతుందనుకున్నప్పుడు నింటెండో వాళ్ళ దగ్గరికి పరిగెత్తి, జపాన్‌లోని ఆ కంపెనీ అధిపతి హిరోషి యమౌచి డబ్బుతో టీముని నిలబెట్టింది ఈ గోర్టనే. డెమోక్రాట్లకి తప్ప ఓటేయని పెద్దాయన, గోర్టన్ ఓడినప్పుడు మాత్రం "పాపం" అన్నాడు. దానికి తోడు నవంబరులో సియాటెల్ పత్రికల ఉద్యోగులు సమ్మెకి దిగారు. పేపరు పలచబడిపోయింది. సరిగ్గా వార్త కావలసినప్పుడే పేపరు లేదని ఆయన విసుక్కునేవాడు.

డిసెంబరు 5న ఇండియా నుంచి మా మీద ఒక బండ పడింది. మ్యాచ్ ఫిక్సింగ్ వ్యవహారంలో బోర్డు అజారుద్దీన్ మీద జీవితకాల నిషేధం పెట్టింది. రాత్రి అపార్ట్‌మెంట్‌లో ఎవరూ వంట చేయలేదు. విఠల్‌వాడీ గల్లీల్లో ఆయన నడకని, ఎత్తిన కాలర్‌ని అనుకరిస్తూ పెరిగినవాణ్ణి నేను. (పన్నెండేళ్ళకి, 2012లో, హైకోర్టు ఆ నిషేధం చెల్లదంది. అప్పటికి ఆట వయసెక్కడుంది?) మర్నాడు పెద్దాయన సంగతేంటని అడిగితే చెప్పాం. ఆయన చాలాసేపు ఏమీ అనలేదు. 1919లో షికాగో వైట్ సాక్స్ వాళ్ళు డబ్బు తీసుకుని వరల్డ్ సిరీస్ పోగొట్టుకున్నారని, ఎనిమిది మందిని జీవితాంతం బయట పెట్టారని చెప్పాడు. ఆ తర్వాత మా అజార్ గురించి ఎప్పుడూ ఒక్క మాట తేలిగ్గా అనలేదు. ఆయన్ని పెద్దమనిషి అనడానికి నాకు అదొక్కటి చాలు.

వారం తిరక్కుండా, డిసెంబరు 11న, ఎ-రాడ్ వార్త. అలెక్స్ రోడ్రిగెజ్, మెరైనర్స్ షార్ట్‌స్టాప్, ఇరవై అయిదేళ్ళవాడు. టెక్సాస్ రేంజర్స్ టీము పదేళ్ళకి 252 మిలియన్ డాలర్లు ఇస్తానంది. అప్పటి మారకం ప్రకారం 1,100 కోట్ల రూపాయల పైమాటే. వైజాగ్ కుర్రాడు కాలిక్యులేటర్‌లో సున్నాలు సరిపోక కాగితం మీద వేశాడు. రేంజర్స్ యజమాని టామ్ హిక్స్ రెండేళ్ళ క్రితం టీము మొత్తాన్ని కొన్నది 250 మిలియన్లకి. టీము ధర కంటే ఒక్క ఆటగాడి ధర ఎక్కువ! బేరం కుదిర్చిన ఏజెంటు స్కాట్ బోరాస్ పేరు ఆ రోజే మొదటిసారి విన్నాను.

ఆ మధ్యాహ్నం టేబుల్ రెండు ముక్కలయింది. పెద్దాయన ఒకవైపు, మేం ముగ్గురం ఇంకోవైపు.

"పోతే తప్పేంటండీ?" అన్నాడు గుంటూరాయన. "మన సంగతి చూసుకోండి. గంటకి రెండు డాలర్లు ఎక్కువిస్తానంటే కన్సల్టెన్సీ మారిపోమూ? ఊరు, అమ్మానాన్న, పొలం అన్నీ వదిలేసి ఈ ముసురులోకి వచ్చింది దేనికి? ఆ అబ్బాయి కూడా అంతే."

నేనూ తలూపాను. మా కన్సల్టెన్సీ వాళ్ళు మా బిల్లింగ్ రేటులో సగానికి సగం నొక్కేస్తున్నారని మాకు అప్పుడే తెలిసి, ఒళ్ళు మండి ఉన్నాం. బోరాస్ లాంటివాడు మనకీ ఒకడుంటే బాగుండునని నిజంగానే అనిపించింది.

పెద్దాయన కోప్పడలేదు. డబ్బు కోసం పోవడం తనకి కొత్త కాదన్నాడు. 1969లో సియాటెల్‌కి పైలట్స్ అని ఒక టీము వచ్చింది. ఒక్క ఏడాది ఆడింది, దివాలా తీసింది. మరుసటి ఏడాది సీజన్ ఇంకో వారంలో మొదలవుతుందనగా దాన్ని మిల్వాకీకి అమ్మేశారు. సామాన్ల లారీ దారిలో యూటాలో ఆగి, ఏ ఊరికి పోవాలో కబురు కోసం ఎదురుచూసిందట. ఆయన అప్పటికే సీజన్ టికెట్ కొనుక్కుని కూర్చున్నాడు. "ఏడేళ్ళు ఈ ఊళ్ళో టీము లేదు. 1977లో మెరైనర్స్ వచ్చింది, 1991 దాకా ఒక్క ఏడాది కూడా ఓటముల కంటే గెలుపులు ఎక్కువ లేవు. అయినా వెళ్ళాం. ఆ అబ్బాయికి డబ్బు వద్దనడం లేదు. గెలిచే టీము కావాలి, డబ్బు కాదు అని తను అంటేనే నమ్మాం. టెక్సాస్ ఈ ఏడాది అట్టడుగున ఉంది. అక్కడికి వెళుతూ ఆ మాట అనకుండా ఉండాల్సింది."

గుంటూరాయన దానికి బదులు చెప్పలేదు గానీ, ఒప్పుకోనూ లేదు. సాయంత్రం బస్సులో నాతో, "ఇంటర్వ్యూలో మనం జీతం కోసం వచ్చామని చెబుతామా ఏంటి? ఛాలెంజింగ్ వర్క్ అంటాం" అన్నాడు.

ఆ తర్వాత నెలన్నర తగువంతా ఒకటే, ఆ మిగిలిన డబ్బు ఏం చేస్తారు? జనరల్ మేనేజర్ పాట్ గిలిక్ మీద ఊరంతా కారాలు మిరియాలు నూరుతోంది. ఒక పెద్ద బ్యాటర్‌ని తెమ్మని రేడియోకి ఫోన్లు. ఆయన తెచ్చింది బ్రెట్ బూన్‌ని. అంతకు ముందు సాన్ డియేగోలో మోకాలు దెబ్బతిన్నవాడు, ఒక ఏడాదికి 3.25 మిలియన్లు. "252 పోయి మూడుంపావు వచ్చింది" అని పెద్దాయన పడీ పడీ నవ్వాడు, ఏడవలేక.

ఇంకొకడు ఇచిరో. జపాన్‌లో వరసగా ఏడేళ్ళు బ్యాటింగ్ టైటిల్ కొట్టినవాడు. అప్పట్లో అతనితో మాట్లాడే హక్కు కోసమే అమెరికా టీములు సీల్డ్ కవర్‌లో వేలం పాడాల్సి వచ్చేది. మెరైనర్స్ 13.125 మిలియన్ డాలర్లు పాడింది. ఆ సొమ్ము అతని పాత టీముకి, జీతం వేరే. అప్పటిదాకా జపాన్ నుంచి పిచ్చర్లే వచ్చి రాణించారు. రోజూ బ్యాటు పట్టుకునేవాడు ఒక్కడూ రాలేదు. మనిషి బక్కపలచగా ఉన్నాడు, ఇక్కడి వేగానికి ఆగుతాడా అని అందరి సందేహం. మా టేబుల్ దగ్గర జపాన్ మిత్రుడు అసలే మితభాషి. మూడు వారాలు అందరి మాటలూ విన్నాడు. చివరికి ఒకరోజు లేచి, తన చాప్‌స్టిక్ ఒకటి బ్యాటులా నిలువుగా ఎత్తి, రెండో చేత్తో భుజం మీద చొక్కా పైకి లాగాడు. ఇచిరో బంతి ఎదుర్కొనే ముందు చేసే పని అది. కూర్చున్నాడు. అంతే, మళ్ళీ అన్నం తినడం మొదలుపెట్టాడు. రాండీ జాన్సన్ వదిలి వెళ్ళిన 51 నంబరు చొక్కా ఇచిరోకి ఇచ్చారని, ఆ నంబరుకి మచ్చ తేనని జాన్సన్‌కి ఉత్తరం రాశాడని తెలిశాక పెద్దాయన మెత్తబడ్డాడు. "ఎవరి దగ్గరైనా ఆ సంస్కారం ఉంటే చాలు, కొట్టకపోయినా పర్వాలేదు" అన్నాడు. అబద్ధం. కొట్టకపోతే ఆయన ఊరుకునేవాడు కాదు.

ఫిబ్రవరి 28న భూకంపం వచ్చింది, 6.8. బల్లల కింద దూరాం. మార్చిలో కోల్‌కతాలో లక్ష్మణ్ 281 కొట్టాడు. క్రిక్‌ఇన్ఫోలో బంతి బంతికీ అక్షరాలు పడుతుంటే రాత్రంతా మేలుకుని రిఫ్రెష్ నొక్కుతూనే ఉన్నాం. అజార్ దిగులు ఆ రెండు రాత్రుల్లో సగం తీరింది.

ఏప్రిల్ 16న ఎ-రాడ్ టెక్సాస్ చొక్కాతో మెరైనర్స్ స్టేడియం సేఫ్‌కో ఫీల్డ్‌కి వచ్చాడు. పెద్దాయన మాకు అన్నిటికంటే పైఅంతస్తులో టికెట్లు కొనిపెట్టాడు. అతను బ్యాటుతో నడిచొస్తుంటే లేచిన హోరు నేను లాల్ బహదూర్ స్టేడియంలో కూడా వినలేదు. కింద ఒకడు గాలానికి డాలర్ నోటు కట్టి మైదానం వైపు వేలాడదీశాడు. జనం ఉత్తుత్తి నోట్లు గుప్పిళ్ళతో విసురుతున్నారు. పక్క సీటాయన మా చేతుల్లో కూడా తలో కట్ట పెట్టి, విసరమన్నాడు. గుంటూరాయన ఆ కాగితాన్ని ఒకసారి చూసి, అలవాటు కొద్దీ కళ్ళకద్దుకుని, మడిచి జేబులో పెట్టుకున్నాడు. "దొంగ నోటైతే మాత్రం, లక్ష్మీదేవిని విసరడమేంటండీ" అన్నాడు. పక్కాయన అర్థంకాక నవ్వాడు. నేను మాత్రం విసిరాను. రెండు డాలర్ల కోసం కన్సల్టెన్సీ మారాలని రెజ్యూమె తయారుచేసుకుని పెట్టుకున్నవాణ్ణి, విసిరాను. గొంతు పోయేలా అరిచాను కూడా. ఎందుకో ఇప్పటికీ చెప్పలేను, చాలా హాయిగా ఉండింది.

ఆ ఏడాది సంగతి బేస్‌బాల్ తెలిసినవాళ్ళందరికీ తెలుసు. ముగ్గురు మహామహులు పోయిన మెరైనర్స్ 116 ఆటలు గెలిచింది, 1906 నాటి షికాగో కబ్స్ రికార్డుతో సమానంగా. మూడుంపావు బూన్ 37 హోమ్ రన్లు (మన సిక్సర్ల లాంటివి) కొట్టాడు. ఇచిరో 242 హిట్లతో మొదటి ఏడాదే లీగ్‌లో అత్యుత్తమ ఆటగాడయ్యాడు. రాండీకి బదులు వచ్చిన గార్సియా లీగ్ మొత్తంలో సగటున తక్కువ రన్లు ఇచ్చిన పిచ్చర్. ఎ-రాడ్ 52 హోమ్ రన్లు కొట్టినా టెక్సాస్ ఆఖరునే, మాకు 43 ఆటలు వెనక. పెద్దాయన గిలిక్‌ని తిట్టిన తిట్లన్నీ వెనక్కి తీసుకోలేదు గానీ, కొత్తవి మానేశాడు.

కానీ సెప్టెంబరు 11 తర్వాత అన్నీ వేరే. ఆఫీసులో ఖాళీ కుర్చీలు మొదలయ్యాయి. సీజన్ చివరి నాకౌట్ పోటీల్లో, అంటే ప్లేఆఫ్స్‌లో, యాంకీస్ మమ్మల్ని నాలుగు ఒకటితో ఇంటికి పంపింది. ఆ యాంకీస్‌ని వరల్డ్ సిరీస్‌లో ఓడించింది అరిజోనా, అందులో పిచ్చర్ మా పాత రాండీ జాన్సన్. ఆ రోజు పెద్దాయన ముఖం చూడలేకపోయాను.

ఆ చలికాలం మళ్ళీ అదే టేబుల్, అదే తగువు, మనుషులే తగ్గారు. 116 గెలిచిన టీముని కదపాలా వద్దా? పెద్దాయన కదపాలనే అన్నాడు. యాంకీస్ ముందు మన బ్యాట్లు చచ్చుబడ్డాయి, గట్టి కొట్టేవాణ్ణి తేవాలన్నాడు. యాంకీస్ జేసన్ జియాంబీని ఎగరేసుకుపోయింది. మా వాళ్ళు కొలరాడో నుంచి జెఫ్ సిరిల్లోని తెచ్చారు. కొలరాడో ఎత్తు మీద గాలి పలచన, అక్కడ బంతి దూరం పోతుంది, ఇక్కడి తడిగాలిలో పోదు అని ఆయన మొత్తుకున్నాడు. అలాగే అయింది. తర్వాతి రెండేళ్ళూ 93 ఆటలు చొప్పున గెలిచి కూడా ప్లేఆఫ్స్‌కి పోలేదు. ఆ కరువు 2022 దాకా తీరలేదు.

అప్పటికి నేను అక్కడ లేను. 2002లో నా కాంట్రాక్టు రెన్యూ కాలేదు, కొన్నాళ్ళు బెంచ్ మీద కూర్చుని, దొరికిన ప్రాజెక్టు పట్టుకుని డాలస్ పక్కన ఇర్వింగ్ చేరాను. ఎ-రాడ్ ఊరు! రేంజర్స్ ఆడే ఆర్లింగ్టన్‌లో ఆట చూడ్డానికి వెళితే ఎండకి బుర్ర వేడెక్కింది. టీము ఓడిపోతోంది, అతను మాత్రం అందంగా ఆడుతున్నాడు. అరవాలనిపించలేదు. ఇద్దరం ఒకే ఊళ్ళో జీతానికి వచ్చినవాళ్ళం కదా. 2004లో రేంజర్స్ ఎదురు 67 మిలియన్లు ఇచ్చి మరీ అతన్ని యాంకీస్‌కి వదిలించుకుంది. 2010లో ఆ టీము దివాలా తీస్తే అప్పులవాళ్ళ జాబితాలో ఎ-రాడ్ పేరే పైన ఉంది, దాదాపు 25 మిలియన్లు బాకీ. ఆ వార్త పెద్దాయనే పంపాడు, సబ్జెక్ట్ లైన్‌లో ఒక్క నవ్వు తప్ప ఉత్తరంలో ఏమీ లేదు. టెక్సాస్ రోజుల్లో స్టెరాయిడ్లు వాడానని ఎ-రాడ్ అంతకు ముందు ఏడాదే ఒప్పుకున్నాడు. దాని గురించి ఆయన ఏమీ రాయలేదు.

2008లో ఐపీఎల్ వేలం మొదలయ్యాక హైదరాబాదు నుంచి మా బావమరిది ఫోన్ చేసి, "ఆటగాళ్ళని పశువుల సంతలోలా కొనడమేంటి బావా?" అని వాపోయాడు. నాకు వింతగా అనిపించలేదు. లక్ష్మణ్, టీములో అందరికంటే ఎక్కువ జీతం వచ్చే ఐకాన్ హోదా వద్దనుకుని, ఆ డబ్బు వేరే ఆటగాళ్ళ మీద పెట్టమన్నాడని చెప్పాడు. దాంతో డెక్కన్ చార్జర్స్ ఆండ్రూ సైమండ్స్ మీద 1.35 మిలియన్ డాలర్లు పోసింది, ఆ ఏడాది అట్టడుగున నిలిచింది. ఈ సంగతి పెద్దాయనకి రాస్తే, "మీ లక్ష్మణ్ ఏ నంబరు చొక్కా వేసుకుంటాడు?" అని మాత్రం అడిగాడు.

ఇప్పుడు మా టేబుల్ ఒక వాట్సాప్ గ్రూపు. పెద్దాయన ఎనభై దాటాడు, అన్నీ పెద్దక్షరాల్లో కొడతాడు. జపాన్ మిత్రుడు బొటనవేలి గుర్తు తప్ప ఏదీ పెట్టడు. 2025 అక్టోబరులో మెరైనర్స్ టొరంటో చేతిలో ఏడో ఆటలో ఒక్క రన్ తేడాతో ఓడిపోయి, మళ్ళీ వరల్డ్ సిరీస్ గుమ్మం దాకా వెళ్ళి ఆగిపోయింది. ఇప్పటిదాకా ఆ గడప తొక్కని టీము ఇదొక్కటే. నవంబరులో ఫస్ట్ బేస్‌లో ఆడే జాష్ నేలర్‌కి అయిదేళ్ళకి 92.5 మిలియన్లు ఇచ్చి ఉంచుకున్నారు. అయిదేళ్ళు ఎక్కువ, మూడు చాలంటాడు పెద్దాయన. మూడేళ్ళకైతే వాడెందుకు ఉంటాడని వైజాగ్ కుర్రాడు. కుర్రాడంటే ఇప్పుడు యాభైకి దగ్గరపడ్డాడు. ఫస్ట్ బేస్‌కి అంత దేనికి, ఆ డబ్బు టీములోని మరో బ్యాటర్ పొలాంకో మీద పెట్టాల్సిందని నేను. రెండు రోజులు ఇదే గోల. గుంటూరాయన ఫ్రిస్కోలో ఇల్లు కట్టుకుని, మనవణ్ణి ఆడించుకుంటూ, అంతా చదివి, మూడో రోజు ఒక్క ముక్క పెట్టాడు.

"ఆ నేలర్ ఏజెంటు నంబరు కాస్త కనుక్కోండయ్యా. మా అబ్బాయికి వచ్చే నెల అప్రైజల్ ఉంది."